రెండు బ్యాడ్జీలు

జేబులు తడిమి చూడకుండా ఆమె ఏ బట్టా నీళ్లలో వేయదు. పెళ్లైన కొత్తలో ఒకసారి భర్త జేబులో పెన్ను ఉండగానే చొక్కా నానబెట్టేసింది. చొక్కాకు పట్టిన సిరా రెండు ఉతుకులకు వదిలింది గానీ, అత్తగారి నోట్లోంచి ఆ మాట ఇప్పటిదాకా వదల్లేదు. "చదువుకున్న పిల్లని ఏరికోరి తెచ్చుకున్నాం. జేబులో చెయ్యి పెట్టి చూడడం ఏ కాలేజీలో నేర్పుతారో మరి!" అప్పట్నుంచీ జేబులు తడమడం ఆమె ఉద్యోగాల్లో ఒకటైంది. జీతం రాని ఉద్యోగాల్లో.

ఆ ఆదివారం పొద్దున లేత నీలం చొక్కా జేబులో ప్లాస్టిక్ బిళ్ల ఒకటి చేతికి తగిలింది. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. వెనక క్లిప్పు. ముందు చిన్న కిటికీలాంటి దాన్లోంచి ఆమె పేరు, కింద ఆమె నంబరు.

ఆమె పనిచేసేది క్యాన్సర్ ఆసుపత్రిలో. మెడలో గ్రంథికి క్యాన్సర్ వచ్చినవాళ్లకు కిరణాలు వెదజల్లే అయోడిన్‌ని మందుగా ఇస్తారు. సీసపు ఇటుకల గోడ వెనక నిలబడి, మందపాటి గాజులోంచి చూస్తూ, పొడుగు పటకారుతో ఆ మందు సీసాలు పట్టి, ఎవరికెంతో కొలిచి పెట్టడం ఆమె పని. ఖాళీ సీసాలూ చేతితొడుగులూ సీసం పెట్టెలో వేసి కిరణాల జోరు చల్లారేదాకా దాచడం కూడా ఆమె పనే. ఆ కిరణాలు కంటికి కనబడవు, వాసన రావు, చర్మానికి చురుక్కుమనవు. అందుకే అక్కడ అడుగుపెట్టే ప్రతి మనిషీ గుండెల మీద ఈ బ్యాడ్జీ పెట్టుకోవాలి. అందులోని కార్డులో ఉప్పుకల్లులాంటి పలుకులుంటాయి. ఒంటికి ఎంత సోకిందో అవీ అంతే తాగి, మూడు నెలలపాటు కిమ్మనకుండా దాచుకుంటాయి. వేడి చేసినప్పుడు మాత్రం తాగిందంతా వెలుగుగా కక్కేస్తాయి. ఆ వెలుగును కొలిస్తే తెలుస్తుంది, ఎవరి ఒంట్లోకి ఎంత పోయిందో. సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు బ్యాడ్జీ అక్కడే చెక్కపలకకున్న కొక్కేనికి తగిలించి రావాలి. ఇంటికి తేకూడదు.

నిన్న సాయంత్రం తను తగిలించే వచ్చింది. ఆ సంగతి ఆమెకు బాగా గుర్తుంది.

అయినా ముందు ఆయన్నే వెనకేసుకొచ్చింది, లోలోపల. మూడు నెలల గడువు రేపటితో అయిపోతుంది. అందరి బ్యాడ్జీలూ పోగుచేసి కొలతకు పంపేది ఆయనే. ఆ విభాగానికి రక్షణాధికారి ఆయనే కదా. అందరికన్నా ముందు పెళ్లాం బ్యాడ్జీ తీసి జేబులో వేసుకుని మర్చిపోయి ఉంటాడు. మనిషన్నాక మరుపు ఉండదూ? బిళ్లను చేతిరుమాల్లో చుట్టి హ్యాండ్‌బ్యాగు అడుగున పెట్టింది. చొక్కా నానబెట్టింది. రుద్దుతున్నంతసేపూ నురగలోంచి ఏదో పైకి తేలుతున్నట్టే ఉంది. చేత్తో అణుస్తుంటే ఇంకోచోట తేలుతోంది.

ఆ ఆఫీసులో ఒక అలవాటుంది. మోతాదు దాటిన రీడింగు వస్తే మనిషిని ఆ గదిలోంచి తప్పించేస్తారు, భత్యం పోతుంది, వంద ప్రశ్నలు. అందుకని మందు ఎక్కువగా వచ్చిన రోజున మగాళ్లు బ్యాడ్జీలు తీసి సొరుగులో పడేసి లోపలికి వెళతారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు "బ్యాడ్జీకి సెలవు". ఆమె మాత్రం ఒక్కరోజు కూడా సెలవివ్వలేదు. వాళ్ల వంశంలో డిగ్రీ పట్టా మొహం చూసినది ఆమె ఒక్కతే. పుస్తకంలో రాసిన నియమం ఆమెకు అమ్మ చెప్పిన మాటతో సమానం. అందరూ ఆమెను "బ్యాడ్జీ మేడమ్" అనేవాళ్లు. భర్త కూడా నలుగురి ముందూ నవ్వేవాడు. "మా ఆవిడ నిద్రలో కూడా గుండెల మీద తడుముకుంటుందండీ. నేనున్నానో లేనో అని కాదు, బ్యాడ్జీ ఉందో లేదో అని." అందరూ పగలబడేవారు. ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే బాగుండదు కదా.

మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆయన గది గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆ నీలం చొక్కా ఏదోయ్?"

"ఉతికేశానండీ. ఆరేశాను."

ఆయన మొహంలో రంగు మారింది. "ఉతికేశావా? జేబులో..." అని ఆగిపోయాడు.

ఆమె మడతపెడుతున్న దుప్పటి మీదనుంచి తలెత్తలేదు. "జేబులో ఏమైనా ఉందాండీ?"

హాల్లోంచి అత్తగారు అందుకున్నారు. "ఇంకేం, మళ్లీ పెన్ను నానబెట్టి ఉంటుంది! ధ్యాస ఎక్కడుంటే కదా!"

"ఏం లేదులే," అన్నాడాయన. "ఏం లేదు."

ఉంది అనుంటే, 'అయ్యో నీ బ్యాడ్జీ అందులో మర్చిపోయాను' అనుంటే, ఆమె బ్యాగు తీసి ఇచ్చేసేది. ఆ విషయం అంతటితో చల్లారిపోయేది. ఏం లేదన్నాడు. కాసేపటికి పెరట్లోకెళ్లి తడిచొక్కా జేబును రెండు వేళ్లతో తెరిచి చూస్తుంటే ఆమె వంటింటి కిటికీలోంచి చూసింది. ఆయన వంగి చొక్కా కింద నేలంతా వెతికాడు. తర్వాత బట్టలు నానబెట్టిన బకెట్టులో చెయ్యి పెట్టి కెలికాడు. ఆ ఇంట్లో ఆయన చెయ్యి బకెట్టులో పెట్టడం ఆమె చూడ్డం అదే మొదలు.

ఆమెకు అప్పుడు రెండో నెల. సంగతి తెలిసింది ఆయనకొక్కడికే. ఆఫీసులో చెబితే ఆ రోజునుంచే మందు గదిలోకి రానివ్వకూడదు, అది రూలు. "మూడో నెల దాటనీ," అన్నాడాయన. "ముందే చాటుకుంటే నిలవదంటారు పెద్దవాళ్లు. అదీగాక నెలాఖర్లో కొత్త వార్డు తెరుస్తున్నారు. నువ్వు తప్పుకుంటే మందు కొలవడానికి మనిషేడీ? నా ప్రమోషను కూడా దానిమీదే ఆధారపడి ఉంది. నీ రీడింగులు చూస్తూనే ఉన్నాను కదా, సున్నా. భయమెందుకు?" ఆమె భయపడలేదు. ఆయన చూస్తున్నాడు కదా అనుకుంది.

ఇంతకుముందు రెండు నిలవలేదు. రెండోసారి ఆసుపత్రి మంచం మీద పడుకుని ఉండగా లేడీ డాక్టరు అడిగింది, "మీరు చేసే పని ఏంటమ్మా?" అని. ఆమె నోరు తెరిచేలోగా భర్త ఫోనులో రీడింగు తీసి చూపించాడు. "నేనే అక్కడ సేఫ్టీ చూసుకునేది డాక్టరుగారూ. మా గుమాస్తాకు సోకినంత కూడా ఈమెకు సోకదు." డాక్టరు తలూపింది. అడగాల్సినవి అక్కడితో ఆగిపోయాయి. ఇంటికొచ్చాక అత్తగారు పక్కింటావిడతో అన్నమాట తలుపు సందులోంచి వినబడింది. "మిషను కూడా చెప్పిందట, తప్పు ఆఫీసుది కాదని. మరింకెవరిదో మనమే అర్థం చేసుకోవాలి." అర్థం చేసుకుంది ఆమే. రెండేళ్లుగా తన ఒంటిని చేతకాని పనిమనిషిని చూసినట్టు చూసుకుంటోంది. నీకేం తక్కువైంది, ఒక్క పని సరిగ్గా చేయలేవా అని అద్దం ముందు నిలబడి తిట్టుకుంటోంది.

సోమవారం అందరికన్నా ముందు వెళ్లింది. గది తాళం తీసి లైటు వేసింది. చెక్కపలక మీద మిగతా కొక్కేలన్నీ చూశాకే తన కొక్కెం వైపు తిరిగింది. ఖాళీగా ఉండాలి. బ్యాడ్జీ బ్యాగులో ఉంది కాబట్టి ఖాళీగా ఉండాలి. ఉంటే ఏ గొడవా లేదు.

కొక్కేనికి బ్యాడ్జీ వేలాడుతోంది. అదే పేరు. అదే నంబరు.

ఆమె ఆ రెండింటినీ చెరో గుప్పిట్లో పట్టుకుని మెట్లెక్కింది. పైన మూల గదిలో కొలిచే యంత్రం దగ్గర కూర్చునే ఆవిణ్ని అందరూ అక్కా అనే అంటారు. నోటిదురుసు మనిషి, మనసు మాత్రం వెన్న.

"ఏంటే బ్యాడ్జీ మేడమ్, పొద్దున్నే దెయ్యాన్ని చూసినట్టు ఆ మొహమేంటి?"

ఆమె రెండూ బల్లమీద పెట్టి, ఏది ఎక్కడ దొరికిందో చెప్పింది. అక్క కళ్లజోడు సర్దుకుని ఒక్కోదాన్నీ విప్పి చూసింది. కొక్కేనికి వేలాడినదాన్ని తిప్పి తిప్పి చూసింది.

"ఈ జేబులోది నీ కార్డు. లెక్కల్లో ఉన్నది ఇదే. మరి ఈ కొక్కేనిదేమో పాత కార్డు, ఎప్పుడో తీసేసింది. దీనిమీద నీ పేరెందుకు అతికించారు? ఉండు, ఉండు..." అక్క గొంతు తగ్గింది. "ఈ గీత నాకు తెలుసు. మూలన గీత పడ్డ కార్డు. ప్రతి మూడు నెలలకూ మీ ఆయన పేరూ ఊరూ లేకుండా ఇదే పట్టుకొస్తాడు. 'శిక్షణకు వాడే కార్డక్కా, కొంచెం కడిగి పెట్టు' అంటాడు."

కడగడమంటే వేడి చేసి లోపలున్నదంతా ఖాళీ చేసేయడం.

"కడిగేదానివా?"

"సార్ అడిగితే ఏం చేస్తానే? కొలవకుండానే కడిగేసేదాన్ని." అక్క చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "ఓసి నా తల్లీ. ఎన్నిసార్లు కడిగానే!"

ఆమె కుర్చీలో కూర్చుంది. అందరిలా తనూ సొరుగులో పడేసి ఉంటే ఆయనకు ఇంత శ్రమ ఉండేది కాదు. తను వినే రకం కాదు కాబట్టి, బ్యాడ్జీకి సెలవు ఇవ్వదు కాబట్టి, తనకు తెలియకుండా తన తరఫున ఆయనే ఇచ్చాడు. అసలు బ్యాడ్జీ ఆయన చల్లటి గదిలో, ఆయన సొరుగులో హాయిగా కూర్చుని సున్నాలు పోగేసుకుంది. గడువు రోజున కొక్కేనికి మార్చి తగిలించడానికే దాన్ని జేబులో వేసుకున్నాడు. తను గుండెల మీద మోసినది నిజమంతా తాగింది. మూడు నెలలకోసారి దాని నోరు కడిగేశారు. పోయిన ఆ రెండిటికీ ఈ గదే కారణమా? కావచ్చు, కాకపోవచ్చు. చాలామందికి ఏ కారణమూ లేకుండానే పోతాయని ఆమె చదువుకుంది. కానీ ఇక ఎప్పటికీ తెలియదు. ఏ డాక్టరూ చెప్పలేడు. బిడ్డలు పోయినందుకు ఏడ్చే దారి ఒకటుంది. ఎందుకు పోయారో తెలుసుకునే దారిని మాత్రం ఆయన సబ్బుపెట్టి ఉతికేశాడు. ఉతికి ఆరేసి, మళ్లీ ఆ తెల్లదనమే డాక్టరుకు చూపించాడు.

పొట్టమీద చెయ్యి వేసుకుంది.

"ఈసారి కడగొద్దు అక్కా," అంది. "కొలువు."

అక్క లేచి తలుపు గడియ పెట్టింది. కార్డును యంత్రంలో పెట్టి మీట నొక్కింది. లోపల ఏదో సన్నగా రొద పెట్టింది. అంకె వచ్చాక అక్క దాన్ని పైకి చదవలేదు. తెరను ఆమె వైపు తిప్పి, తను కిటికీ వైపు తిరిగింది.

కిందికొచ్చేసరికి అందరూ వచ్చేశారు. ఆయన ట్రే పట్టుకుని బ్యాడ్జీలు పోగుచేస్తున్నాడు. చెక్కపలక దగ్గర ఖాళీ కొక్కెం చూసి ఆయన కళ్లు గదంతా తిరుగుతున్నాయి. పెద్ద డాక్టరు గుమ్మంలో నిలబడి తొందర పెడుతున్నాడు. పేషెంటు మందుకోసం పొద్దుటినుంచి పస్తులున్నాడు.

ఇంట్లో ఏమండీ అనీ, ఇక్కడ సార్ అనీ పిలవడం ఆయనే నేర్పాడు. ఆమె దగ్గరికెళ్లి చేతిరుమాలు విప్పి ట్రేలో పెట్టింది.

"ఇది మీ చొక్కా జేబులోది సార్. నేను పెట్టుకున్నది పైన అక్క దగ్గరుంది. కొలిచారు."

ఆయన ట్రే బల్లమీద పెట్టి, ఆమె మోచెయ్యి పట్టుకుని గొంతు తగ్గించాడు. "అంతా నీ కోసమే చేశానోయ్. నీ ఉద్యోగం పోకూడదనే. ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం."

"ఇంట్లోనే అడిగాను కదండీ, జేబులో ఏముందని."

మోచెయ్యి విడిపించుకుంది. పెద్ద డాక్టరు వైపు తిరిగి, అటెండెన్సు పలికినంత మామూలుగా, అందరికీ వినబడేలా చెప్పింది. "నాకు రెండో నెల సార్. ఈ క్షణంనుంచి నేను ఆ గదిలోకి వెళ్లకూడదు."

"మరి మందు?" అన్నాడు పెద్ద డాక్టరు, ఏం జరుగుతోందో ఇంకా బోధపడక. "పేషెంటు కాచుకుని ఉన్నాడు. కొలవడం ఇంకెవరికొచ్చు?"

ఆమె బల్లమీదున్న తన చేతితొడుగులు ఆయన ముందుకు జరిపి, ట్రేలోని బ్యాడ్జీల్లోంచి భర్తదాన్ని ఏరింది. పెళ్లినాటినుంచీ ఆయన చొక్కాకు ఊడిన గుండీలు కుట్టిన వేళ్లతో, దాన్ని ఆయన గుండెల మీద సరిగ్గా, నిటారుగా తగిలించింది.

"సార్‌కి వచ్చు. నాకు నేర్పింది ఆయనే."