ఆమేన్ దాకా ఆగని ఇంజిన్

మా పాత కారుది మొదటి తరం టర్బో ఇంజిన్. యాక్సిలరేటర్ తొక్కితే కాసేపు ఆలోచించి, ఆ తర్వాత ఒక్కసారిగా దూకుతుంది. అలా దూకినప్పుడే నేను మేడ్చల్‌లో మా చర్చి గేటును గుద్దాను. మళ్లీ స్టీరింగ్ ముట్టలేదు. మా తమ్ముడు బెన్నీ అదే కారు కొత్త తరంది కొన్నాడు. అది దూకదట. మాకూ అలాంటిది కావాలని, మావారు గిడియోన్‌ను నడిపి చూడమన్నాను.

బెన్నీని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, అతని కొత్త బండిలో దారిలో ఎక్కడా ఆగకుండా శామీర్‌పేట చేరాం. వేడి మీదున్న టర్బోను వెంటనే ఆపకూడదని మెకానిక్ ఎప్పుడో చెప్పాడు. అప్పటినుంచీ మావారు పరలోక ప్రార్థన ఒకసారి పూర్తిచేసి గానీ తాళం తిప్పరు. ఇప్పుడూ బండిని న్యూట్రల్‌లో పెట్టి కళ్లు మూసుకున్నారు. ప్రార్థన సగంలో ఉండగానే ఇంజిన్ ఆగిపోయింది.

"అయ్యో బామ్మర్దీ, నీ బండి ఖరాబ్ జేసిన!"

"ఏం గాలే బావా. నిలవడితే అదే ఆగుతది, క్లచ్ తొక్కితే మల్ల లేస్తది. ఇంజిన్ ఆగినా టర్బోను సల్లవర్సెతందుకు వేరే పంపు ఉంది."

"ఆమేన్ గూడ అననియ్యదా? గిసొంటిది నాకొద్దు."

నా ప్రాణం ఉసూరుమంది. "దూకిందా మరి?" అని అడిగాను.

"యాడ దూకింది? తొక్కంగనే సక్కగ పోతాంది. మజానే లేదు."

"అయితే దిగుండ్రి, నేను నడుపుత."

తుర్కపల్లి దాకా అక్కడి మందుల కంపెనీల క్యాబుల మధ్య నుంచి నడిపాను. ఆయన నావైపు చూడకుండా వెనక ఉన్న బెన్నీ వైపు తిరిగారు.

"బామ్మర్దీ, గిండ్ల ఎర్ర రంగు దొరుకుతదా?"