మూడు ఊళ్ల ఒకటో నంబరు

సకల జనుల సమ్మె నాటికి సుమన మెదక్‌లోని రక్తదాతల సంఘంలో కంప్యూటర్ చూసుకుంటోంది. రేగోడ్, కౌడిపల్లి, చేగుంటల్లో ఒక్కో కంప్యూటర్ ఉంది. అక్కడ ఎక్కించిన పేర్లు ఫోన్ లైను మీద మెదక్ సర్వర్‌లోకి నకలై చేరతాయి. బయట రాష్ట్రాన్ని విడదీయమని నడిరోడ్డు మీద వంటావార్పు, లోపల మూడు ఊళ్లను కలపమని సంఘం ఆర్డరు.

ఊరికో వెయ్యి నంబర్లు విడివిడిగా ఇద్దామని సుమన అనుకుంది. మొదట్లోనే ఒక్కో ఊరివాళ్లూ పట్టుబట్టారు, తమ పెద్దమనిషి పేరు ఒకటో నంబరు మీదే ఉండాలని. రెండువేల ఒకటి అంటే ఆయన తల ఎక్కడ పెట్టుకుంటాడు? ఎవరి మర్యాదా పోకూడదని సుమన సరేనంది. మూడు ఊళ్లూ ఒకటి నుంచే లెక్క మొదలుపెట్టాయి.

గులాం రసూల్ పొద్దున్నే వచ్చాడు. కూతురు ఫరీహాకు కాన్పులో రక్తం చాలా పోయింది, ఓ నెగెటివ్ కావాలి. సుమన వెతికి, ఎవరూ లేరని చెప్పింది. బస్సుల్లేని ఊరంతా కాలినడకన తిరిగి మధ్యాహ్నం మళ్లీ వచ్చాడు.

"జర మల్లొకపారి చూడు బిడ్డా. మూడూళ్లల్ల ఒక్కడు లేడా?"

కౌడిపల్లి శిబిరంలో ఓ నెగెటివ్ బక్కయ్య పేరు తన చేత్తోనే ఎక్కించిన సంగతి సుమనకు అప్పుడు తట్టింది. నూట పన్నెండో నంబరు. ఆ నంబరు తెరిస్తే చేగుంట నర్సింగం, బి పాజిటివ్. ఒకే నంబరుతో ఎవరు ఆఖరున వస్తే సర్వర్ వాళ్లనే ఉంచుకుని, ముందువాళ్లను తుడిచేసింది. ఒక్క మాట చెప్పలేదు.

వెంటనే కౌడిపల్లికి ఫోన్ చేసింది. అక్కడ కంప్యూటర్ చూసే ఎల్లం వెతికి చెప్పాడు.

"ఈడనే ఉన్నడక్కా, ఏడికి పోలే. బండి మీద తోలుకొస్త."

పరీక్షలయ్యి, పొద్దుగూకే వేళకు రక్తం ఎక్కింది. ఫరీహా కళ్లు తెరిచింది. సంఘం సెక్రటరీ రత్నాకర్ పేపరువాళ్లకు కబురు పెడతానన్నాడు. సుమన వద్దని, నకలు ఆపేసి, ఊళ్లకు ఫోన్ చేసి పోయిన పేర్లు లెక్కవేసి, దవాఖానకు నడిచింది.

వరండాలో గులాం రసూల్ లేచి దండం పెట్టబోయాడు.

"వద్దు చాచా. పొద్దున్నే ఉండె ఆ పేరు. నా తప్పుతోనే కనపడలే."

ఆయన చేతులు దించాడు. "ఇంకెంతమంది పోయిన్రు గట్ల?"

"ఎనిమిది వందలకు పైనే."

"మరి నా కాడెందుకు నిలబడ్డవ్ బిడ్డా? పోయి ఎక్కియ్యి."