నీలి కాంతి, ఎర్ర సిరా

పామర్ గారు చేసిన తప్పు హాలెక్స్ రన్ ఊళ్ళో పుట్టినవాళ్ళెవరూ చేయరు. కాలేజీలో కొత్తగా పెడుతున్న లేజర్ కోర్సు ప్రారంభోత్సవానికి ఆయన ఈస్టర్‌కు ముందు వచ్చే శుక్రవారాల్లో ఒకదాన్ని, అదీ సాయంత్రం వేళ, ముహూర్తంగా పెట్టాడు. ఆ శుక్రవారాల్లో ఊరంతా మాంసం మానేసి, ఫైర్ స్టేషన్ హాల్లో వేయించిన చేప తినడానికి చేరుతుంది. చేప అయ్యాక అంకెల ఆట, బింగో. పెళ్ళిళ్ళు కూడా వాటికి అడ్డం రావు. ఆయన అరిజోనా ఎడారి నుంచి ప్రిన్సిపాల్‌గా వచ్చి ఏడాది కాలేదు, ఆయనకేం తెలుసు? తెలియాల్సింది బెర్నీకి.

బెర్నడెట్ సోప్‌కో ఈ ఊరి పిల్లే. పిట్స్‌బర్గ్‌లో గుండెకు వాడే పరికరాలను లేజర్‌తో అతికించే కంపెనీలో ఇరవై ఏళ్ళు పనిచేసి, ఆ ఉద్యోగానికి దణ్ణం పెట్టి, ఈ కోర్సు చెప్పడానికి సొంతూరు వచ్చింది. నెల రోజులుగా యంత్రాలు బిగించడంలో తిండీ నిద్రా మరిచిపోయి, తేదీని అంకెగానే చూసింది తప్ప అది శుక్రవారమన్న సంగతి చూసుకోలేదు. ఇప్పుడు కాలేజీ హాల్లో వరసగా వేసిన కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి. బల్ల మీద బిస్కెట్లు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. వచ్చినవాళ్ళు ఆరుగురు, ఆ ఆరుగురూ ముందే పేరిచ్చినవాళ్ళు.

పామర్ గారు టై సర్దుకుని గొంతు తగ్గించాడు. "బెర్నడెట్ గారూ, పదిమంది లేకపోతే కోర్సు నడపనివ్వరండీ. అది పైవాళ్ళ నియమం. ఈ రాత్రితో జాబితా మూసేస్తారు. యంత్రాలు కూడా ఇంకో కాలేజీకి పంపేస్తామంటున్నారు."

"జనం లేక కాదు సార్, జనం వేరే చోటున్నారు."

"ఎక్కడ?"

"చేపల దగ్గర."

ఆయనకు అర్థం కాలేదు. బెర్నీకి మాత్రం ఒక్కసారిగా కాళ్ళలో కొత్త ప్రాణం వచ్చింది. వాళ్ళు ఇక్కడికి రారు, సరే, మనమే వెళితే ఏం పోయింది? ఉక్కు రేకులు కోసే పెద్ద యంత్రాలు కదలవు గానీ, పిల్లలకు నేర్పడానికి తెప్పించిన చిన్నది ఒకటుంది. నాలుగు వైపులా మూసిన పెట్టె. తలుపు తెరిస్తే లోపలి కాంతి దానంతటదే ఆరిపోతుంది, కాబట్టి ఎవరి కంటికీ ప్రమాదం లేదు. లోపల జరిగేదంతా కెమెరా టీవీలో చూపిస్తుంది. దానితో రిబ్బన్ కత్తిరించి కోర్సు మొదలుపెట్టాలని ముందే అనుకున్నారు. పెట్టెకు అటూ ఇటూ సన్నని సందులున్నాయి, రిబ్బన్ ఒక వైపు దూరి రెండో వైపు బయటికొస్తుంది. మధ్యాహ్నమే ప్రయత్నించి చూశారు. నల్ల రిబ్బన్ వెన్నలా తెగింది.

"పిలవని పేరంటానికి వెళ్ళడం బాగుంటుందంటారా?" అన్నాడు పామర్ గారు, అప్పటికే పెట్టె ఒక కొస పట్టుకుని.

"మా ఊళ్ళో చేపల హాలుకు పిలుపులుండవు సార్. జాగ్రత్త, ఆ మూల గోడకు తగుల్తుంది."

ఆరుగురూ తలా ఒక చెయ్యి వేశారు. పెట్టె, టీవీ, బిస్కెట్ల పళ్ళాలతో సహా అన్నీ ట్రక్కు ఎక్కాయి. ఆ హడావిడిలో నల్ల రిబ్బన్ చుట్ట కాలేజీ కిటికీలోనే ఉండిపోయిందని ఎవరూ గమనించలేదు.

ఫైర్ హాల్లో కాలు పెట్టగానే వేడి నూనె వాసన, ఉల్లిపాయలతో వేయించిన క్యాబేజీ వాసన ముఖానికి కొట్టాయి. వంటగది కిటికీలో ఫ్లోరెన్స్ యుర్కో నిలబడి పళ్ళాలు అందిస్తోంది. హాలు మహిళా మండలికి ఆమే పెద్ద. ఆమె ఊ అంటే అక్కడ ఏదైనా జరుగుతుంది, ఊహూ అంటే ఫైర్ ఇంజన్ కూడా కదలదు.

"ఇదేంటే బెర్నీ, ఫ్రిజ్జు మోసుకొస్తున్నావు?" అంది.

"లేజర్ అత్తా. బింగో మొదలయ్యేలోపు కాస్త చోటివ్వు. ఇక్కడే మా ప్రారంభోత్సవం."

ఫ్లోరెన్స్ పెట్టెను చూసింది, టై కట్టుకుని చెమటలు కక్కుతున్న పామర్ గారిని చూసింది. "ఆ అబ్బాయికి ముందు తినడానికి ఏమైనా పెట్టండి," అని లోపలికి కేకేసింది. అదే అనుమతి.

బింగో వేదిక పక్కన పెట్టె పెట్టారు, టీవీ తగిలించారు. అప్పుడు తెలిసింది రిబ్బన్ రాలేదని. "దానికేం భాగ్యం," అని మహిళా మండలివాళ్ళు ఎవరి పెళ్ళికో తెచ్చి మిగిలిన తెల్ల శాటిన్ రిబ్బన్ బీరువాలోంచి తీశారు. పాలలా మెరిసిపోతున్న ఆ రిబ్బన్ చూసి బెర్నీ మురిసిపోయింది. ఆ మురిపెంలో దాని రంగు సంగతే ఆలోచించలేదు.

ముందు వరస బల్ల దగ్గర చెస్టర్ గవ్లిక్ కూర్చుని ఉన్నాడు. బెర్నీకి మేనమామ. ముప్ఫై ఏళ్ళు గాజు కార్ఖానా కొలిమి దగ్గర పనిచేశాడు. కార్ఖానా మూతపడ్డాక ఎవరో వచ్చి అందరికీ కంప్యూటర్లు నేర్పిస్తామన్నారు, నేర్పించారు, చేతికో సర్టిఫికెట్ ఇచ్చి వెళ్ళిపోయారు. దాన్ని చెస్టర్ స్నానాలగదిలో తగిలించాడు. ఆనాటి నుంచి శిక్షణ అన్న మాట వింటే అతనికి ఒళ్ళు మంట.

బెర్నీకి ఆ గదిలో అందరికన్నా కావాల్సినవాడు అతనే. చిన్నప్పుడు అతను కార్ఖానాలో పారేసిన గాజు ముక్కొకటి తెచ్చి వంటింటి కిటికీలో పట్టుకుంటే, గోడ మీద ఏడు రంగులు పడ్డాయి. ఆమె చదువంతా ఆ గోడ మీద మొదలైంది. ఆ మాట అతనికెప్పుడూ చెప్పలేదు, చెప్తే వెక్కిరిస్తాడు.

"రా మేనకోడలా," అన్నాడు చెస్టర్ అందరికీ వినపడేలా. "మళ్ళీ సర్టిఫికెట్లా? మా స్నానాలగదిలో ఇంక గోడ లేదే."

జనం నవ్వారు. "గోడ లేకపోతే తలుపుకు తగిలించుకో మావయ్యా," అంది బెర్నీ. ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు.

పామర్ గారు రెండు ముక్కలే మాట్లాడాడు, అదే నయమైంది. లోయ అవతల కొత్తగా వచ్చిన కంపెనీకి లేజర్ పని తెలిసినవాళ్ళు కావాలనీ, ఊళ్ళో దొరక్క దూరం నుంచి తెచ్చుకుంటున్నారనీ చెప్పి బటన్ నొక్కాడు. టీవీలో తెల్ల రిబ్బన్ మీద నీలి చుక్క వెలిగింది. అందరూ ఫోర్కులు దించారు. చుక్క అటు నుంచి ఇటు నడిచింది, మళ్ళీ అటు వెళ్ళింది. రిబ్బన్ చెక్కుచెదరలేదు.

పామర్ గారు మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అంతే.

"కత్తెర కావాలా సార్?" అన్నాడు చెస్టర్. "మా కాలంలో అలాంటిదొకటి ఉండేది, బాగానే తెగేది."

హాలంతా గొల్లుమంది. బెర్నీకి చెవులు వేడెక్కాయి. ఇరవై ఏళ్ళ ఉద్యోగం, నెల రోజుల చాకిరీ, యంత్రాలు ఎక్కిపోయే లారీ, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. తెలుపు! మధ్యాహ్నం తెగింది నలుపు. నలుపు కాంతిని మింగుతుంది, తెలుపు తిప్పికొడుతుంది. మొదటి రోజు క్లాసులో తను చెప్పాల్సిన మొదటి పాఠమే ఇది, తన నెత్తినే పడింది. సిగ్గుతో చావాల్సిందే గానీ, ఎక్కడో కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. పాఠం దానంతటది వచ్చి గుమ్మంలో నిలబడితే పొమ్మంటామా?

"ఎందుకు తెగలేదో చెప్పండి చూద్దాం," అంది జనం వైపు తిరిగి.

"కరెంటు బిల్లు కట్టలేదేమో," అన్నారెవరో.

"ఆ గళ్ళ చొక్కా ఆయన చెప్పాడు, తప్పు. ఇంకెవరు?"

"ఎండాకాలం తెల్ల చొక్కా వేసుకుంటాం చూడు," అంది వెనక నుంచి ఒకామె, నెమ్మదిగా. "వేడి ఎక్కదు. అందుకా?"

"అందుకే," అంది బెర్నీ. ఆమెను కౌగిలించుకోవాలనిపించింది. "ఇప్పుడు దీనికి రంగు పూయాలి. రంగు ఎక్కడుంది?"

అడగాలా? బింగో ఆడేవాళ్ళ చేతుల్లో రంగు కాక ఇంకేముంటుంది. అంకె పిలవగానే కార్డు మీద అద్దడానికి మూతికి స్పాంజి ఉన్న సిరా బుడ్డి ప్రతివాళ్ళ ముందూ ఉంది. హాలువాళ్ళు అమ్మేది నీలం ఒక్కటే కాబట్టి అన్నీ నీలమే. ఒక ముసలాయన లేచి వచ్చి రిబ్బన్ మీద దిట్టంగా ఒక నీలం ముద్ర వేశాడు. బెర్నీ తలుపు మూసింది. తెగుతుందని సగం మంది, తెగదని సగం మంది పందేలకు దిగారు. డబ్బులేం లేవు, వేయించిన చేప ముక్కలే.

నీలి చుక్క నీలం ముద్ర మీదుగా నడిచింది. ఏమీ కాలేదు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. జనం కుర్చీల్లోంచి లేచి టీవీ దగ్గరికి చేరారు. వంటగదిలో పొయ్యి చిన్నది చేసి ఫ్లోరెన్స్ కూడా వచ్చింది, చేతిలో జల్లిగరిటెతో.

"రంగు పూశాం కదే, ఇంకేం రోగం?" అంది.

"కాంతి ఏ రంగు అత్తా?"

"నీలం."

"సిరా?"

ఫ్లోరెన్స్ గరిటె ఊపడం ఆపింది. "నీలమే. ఓహో. సొంతవాళ్ళని కరవదా?"

"కరవదు. నీలం సిరా నీలం కాంతిని వెనక్కి పంపేస్తుంది. అందుకే అది మనకు నీలంగా కనపడేది. నీలాన్ని మింగేసే రంగు కావాలి. ఎరుపు."

అందరి తలలూ ఒకే వైపు తిరిగాయి. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెదొక దారి అన్నట్టు, ఆ హాల్లో ఎర్ర సిరా బుడ్డి ఉన్నది ఒక్కడి దగ్గరే. చెస్టర్ దాన్ని ఎక్కడో పొరుగూళ్ళో కొన్నాడు. దానితోనే ఒకసారి పెద్ద ఆట గెలిచాడు. అప్పటి నుంచి అది అదృష్టం బుడ్డి. అయిపోతే సిరా నింపుకుంటాడు తప్ప మార్చడు. భార్యకు కూడా ఎరువివ్వడు.

చెస్టర్ బుడ్డి మీద అరచెయ్యి మూశాడు. "కుదరదు."

"ఒక్క ముద్ర మావయ్యా."

"అదృష్టం అరిగిపోతుంది."

"అయితే నువ్వే వచ్చి వెయ్యి. నీ చేతిలోంచి జారదు కదా."

అతను గొణుక్కుంటూ లేచాడు. పెట్టె తలుపు తీశాడు. కొలిమి దగ్గర పనిచేసిన చేతులు, తొందరపడవు. రిబ్బన్‌ను రెండు వేళ్ళతో సాగదీసి, సరిగ్గా మధ్యలో ఎర్ర ముద్ర ఒత్తి, ఊది ఆరబెట్టి, తలుపు తనే మూశాడు. "బటన్ ఏది?" అన్నాడు.

పామర్ గారు పక్కకు తప్పుకున్నాడు.

నీలి చుక్క తెలుపు మీదుగా వచ్చింది, నీలం ముద్ర మీదుగా వచ్చింది, ఏమీ లేదు. ఎరుపు అంచును తాకగానే సన్నని పొగ లేచింది. గీత పడింది, గీత కాస్తా చీలిక అయింది. రిబ్బన్ రెండు ముక్కలై ఇటొకటీ అటొకటీ వాలిపోయింది. హాలు కప్పు ఎగిరిపోయేలా చప్పట్లు మోగాయి. బెర్నీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. చెస్టర్ మాత్రం చప్పట్లు కొట్టలేదు. వంగి, టీవీలో కాలిన అంచునే చూస్తున్నాడు.

ఆ తర్వాత బింగో వేళకు మొదలైతే ఒట్టు. మిగిలిన రిబ్బన్ అంతా తెగే వరకూ జనం కదలలేదు. ఒకరు టమాటా సాస్ పూశారు, ఒకరు కాఫీ. తెల్ల చొక్కా సంగతి చెప్పిన ఆమె మొదట వచ్చి పేరిచ్చింది. తర్వాత ఇద్దరు అన్నదమ్ములు. పామర్ గారు చేప నూనె అంటిన వేళ్ళతో ఫోనులో పేర్లు ఎక్కిస్తూ, "తొమ్మిది," అన్నాడు బెర్నీ చెవిలో. "ఇంకొక్కరు."

ఇంక ఎవరూ రాలేదు. జనం కుర్చీల్లో సర్దుకుంటున్నారు, వేదిక మీద అంకెల బంతులు తిరగడం మొదలైంది.

చెస్టర్ ఆమె పక్కకొచ్చి నిలబడ్డాడు. "లేజర్ ఆకుపచ్చదైతే?"

"ఏంటి మావయ్యా?"

"ఆకుపచ్చ కాంతైతే ఏ సిరా తెగుతుంది? ఇదే తెగుతుందా?"

బెర్నీకి జవాబు నాలుక చివరే ఉంది. మింగేసింది. "సోమవారం క్లాసులో చెప్తా."

"ఇప్పుడు చెప్పడానికి నోరు నొప్పా?"

"నొప్పే."

అతను మూతి ముడుచుకుని వెళ్ళి బల్ల దగ్గర కూర్చున్నాడు. అంకెలు పిలిచారు. ఎర్ర బుడ్డి చేతిలోనే ఉంది, కానీ చూపు కార్డు మీద లేదు, కప్పుకు వేలాడే దీపం మీద ఉంది. పక్కనున్నావిడ మోచేత్తో పొడిచింది. "చెస్టర్, నీ అంకె పిలిచి ఎంతసేపైందయ్యా. ఆట పోయింది." వెనక బల్ల నుంచి ఇంకెవరో అప్పటికే బింగో అని అరిచారు.

చెస్టర్ గవ్లిక్ బింగోలో అంకె వదిలేయడం ఆ ఊరు అంతవరకూ చూడలేదు. అతను కార్డును పక్కకు నెట్టి, లేచి, నడవంతా దాటుకుని పామర్ గారి ముందుకొచ్చి నిలబడ్డాడు. బుడ్డిని చొక్కా జేబులో పెట్టుకుని గుండీ పెట్టుకున్నాడు.

"ఇది నేనెవరికీ ఇవ్వనని ఊరందరికీ తెలుసు," అన్నాడు.

"తెలుసు మావయ్యా," అంది బెర్నీ.

"క్లాసులో మీకు ఎరుపు కావాల్సొస్తుంది. అది ఒక్కటే రాదు. రాసుకోండి సార్, గవ్లిక్."