మూడు గ్లాసుల పరీక్ష

విస్కీ రుచి తెలుసని చెప్పుకునే వాళ్ళలో నూటికి తొంభైమందికి మంచినీళ్ళ రుచి కూడా తెలియదు. మిగిలిన పదిమందిలో తొమ్మిదిమందికి తెలిసినా, నోరు విప్పితే అబద్ధాలే. ఈ మాట నేను ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా అంటున్నాను. మొనాంగహీలా లోయలో మా బట్టీ నుంచి బయటికి పోయే, గోధుమలాంటి రై గింజతో కాచిన ప్రతి పీపా విస్కీ ముందు నా ముక్కు దాటాలి, ఆ తర్వాత నా నాలుక దాటాలి. నా పేరు లోరెటా. ఊళ్ళో ముక్కు లోరెటా అంటారు, నా ఎదురుగా కాదనుకోండి.

ఆ జూలియన్ థార్న్ అనేవాడు దిగిన రోజే నాకు ఒళ్ళు మండింది. ఆగస్టు ఎండలో మఖమలు కోటు. పెళ్ళివారింటికి బయల్దేరినట్టు ఒంటినిండా సెంటు. రుచి గది తలుపు మీద ఇంతింత అక్షరాలతో రాసి పెట్టాను, సెంటు పూసుకుని రాకూడదని, కాఫీ తాగి రాకూడదని. ఆయన ఆ తలుపును మోచేత్తో తోసుకుంటూ, చేతిలో కాఫీ కప్పుతో వచ్చాడు. న్యూయార్కులో ఏదో పత్రికలో విస్కీలకు నూటికి ఇన్ని అని మార్కులు వేస్తాడట. ఆయన తొంభైకి పైన వేస్తే జనం దుకాణాల ముందు బారులు తీరతారట. గాడిదకేం తెలుసు గంధప్పొడి వాసన అని ఊరికే అన్నారా?

ఆయన్ని పిలిపించింది మా యజమాని ట్రెంట్. ఆరేళ్ళ క్రితం మా బట్టీ కొన్నాడు. న్యూయార్కు పక్కనున్న కనెటికట్ నుంచి వచ్చిన మనిషి. అంతకు ముందు పరుపుల కంపెనీ నడిపాడు. పరుపులమ్మేవాడికి విస్కీ గొడవెందుకంటారా? నేనూ అదే అన్నాను, ఎవరూ వినలేదు.

అసలు తేలాల్సింది ఎమ్మెట్ గింజల సంగతి. ఎమ్మెట్, నేనూ బళ్ళో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళం. వాళ్ళ తాతలనాటి రై విత్తనం ఈ లోయలో వాడి దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. అది మనిషి కన్నా ఎత్తు పెరుగుతుంది, గట్టి వాన పడితే పడిపోతుంది, మామూలు రకంలో సగం కూడా పండదు. పైగా రై పుప్పొడి గాలికి మైళ్ళు పోతుంది. పక్క పొలంలో వేరే రకం పూసిందంటే ఈ విత్తనం చెడిపోయినట్టే. అందుకని వాడు ప్రతి ఏడూ విత్తే ముందు చుట్టూ ఉన్న ఏడు పొలాలకూ వెళ్ళి, ఆపిల్ జామ్ సీసాలు చేతిలో పెట్టి, "ఈ ఏడు కూడా రై జల్లకండి, మీకు పుణ్యముంటుంది" అని బతిమాలుకునేవాడు. ఆ గింజలు దాచుకోవడానికీ లేదు, రెండేళ్ళు నిలవుంటే సరిగ్గా మొలవవు. కొనేవాడు లేక ఒక్కసారి ఆగిపోతే ఆ విత్తనం కథ ముగిసినట్టే.

ట్రెంట్ ఐదేళ్ళుగా ఆ గింజలు రెండింతల ధర పెట్టి కొని, విడిగా కాచి, విడిగా పీపాల్లో నిలవబెట్టాడు. మొదటి పీపాలకు నాలుగేళ్ళు నిండాయి. ఇంకో ఐదేళ్ళు కొంటానని సంతకం పెట్టాలా, లేక మామూలు విస్కీకి వాడే, రైలు పెట్టెల్లో వచ్చే చవక గింజలతోనే సరిపెట్టుకోవాలా అన్నది ఆ వారంలో తేల్చుకోవాలి. సెప్టెంబరులో విత్తాలి మరి.

మొదటి రోజు ట్రెంట్ సీసాలు వరసగా పెట్టాడు, దేని మీద దాని పేరు చీటీతో సహా. జూలియన్ ఎమ్మెట్ పేరున్న సీసాలోది గ్లాసులో పోసుకుని గిరగిరా తిప్పాడు. వైన్‌ను అలా తిప్పితే తిప్పనీ. పీపాలోంచి తీసిన విస్కీని తిప్పి, అందులో ముక్కు దూరిస్తే ఆ ఘాటుకు గంటసేపు ముక్కు మొద్దుబారి ఊరుకుంటుంది. నిన్న మొన్న పనిలో చేరినవాళ్ళు కూడా చేయని పని అది. ఆ తర్వాత కళ్ళు మూసుకుని, ఒక గుక్క మింగి, "నల్లమట్టి! నది!" అన్నాడు. "ఈ నది పాట వినిపిస్తోంది నాకు!"

మా బట్టీకి వచ్చేది మునిసిపాలిటీ కుళాయి నీళ్ళు. పొలం కొండ మీద ఎర్రమట్టిలో ఉంది.

నేను నా పద్ధతిలో నా గ్లాసులో నీళ్ళు కలుపుతున్నాను. ఘాటు మూడోవంతుకు దిగితేగానీ లోపలి దోషాలూ, గుణాలూ బయటపడవు. అది చూసి ఆయన నవ్వాడు.

"అయ్యో, నీళ్ళు పోస్తే విస్కీ చచ్చిపోతుందమ్మా! ఇన్నేళ్ళ నుంచి ఇలాగే చేస్తున్నారా?" అన్నాడు, పాపం అన్నట్టు నా భుజం తట్టి.

ట్రెంట్ కూడా నవ్వాడు. జూలియన్ ఎమ్మెట్ విస్కీకి తొంభై ఆరు వేశాడు. నేను నోట్లోది ఉమ్మేసి బయటికి నడిచాను. ఆ రాత్రి అన్నం సహించలేదు. చీటీ చూసి వేసిన మార్కులవి! చీటీ మార్చి అతికిస్తే వంటసోడాకి కూడా తొంభై ఆరు వేస్తాడు. వీడా నా భుజం తట్టేది?

మర్నాడు శుక్రవారం పొద్దున పది గంటలకు మూడు గ్లాసుల పరీక్ష. మా పనిలో ఇది పాత పద్ధతే. మూడు గ్లాసులు పెడతారు. రెండింట్లో ఒకటే విస్కీ ఉంటుంది, మూడోదాంట్లో వేరేది. ఆ వేరేది ఏదో పట్టుకోవాలి. ఒక విస్కీకీ ఇంకోదానికీ నిజంగా తేడా ఉందా లేదా అన్నది తేల్చడానికి ఇంతకు మించిన మార్గం లేదు. గ్లాసులు నింపేది నేనే. ట్రెంట్ ఫొటోగ్రాఫర్‌ని కూడా పిలిపించాడు. రుచి గదిలో నాతో పనిచేసే నలుగురూ గోడకు ఆనుకుని నిలబడ్డారు.

నేను మూడు గ్లాసుల్లోనూ ఒకే పీపాలోది పోశాను. రోజూ కాచే చవక గింజల విస్కీ. ఎమ్మెట్ గింజలది ఒక్క చుక్క కూడా లేదు.

"రెండు మామూలువి, ఒకటి ఎమ్మెట్ గింజలది. కనిపెట్టండి," అన్నాను.

జూలియన్ మళ్ళీ తిప్పాడు, వాసన చూశాడు, మింగాడు, పైకప్పు వంక చూశాడు. ఫొటోలు తీయించుకున్నాడు. చివరికి మధ్య గ్లాసు పైకెత్తాడు.

"ఇదే! మిగతా రెండూ ఉత్త చెక్కముక్కలు. ఇందులో ప్రాణం ఉంది. లవంగం, పుదీనా, ఆ వెనకాల నది."

"ఖాయమేనా?" అన్నాను.

"కళ్ళకు గంతలు కట్టినా చెబుతా."

నేను గ్లాసుల కింద బోర్లా పెట్టిన, పీపా నంబరు రాసిన కాగితాలు మూడూ తిప్పి బల్ల మీద పెట్టాను. మూడింటి మీదా ఒకటే నంబరు. గోడ దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. ఇక ఒకళ్ళను చూసి ఒకళ్ళు ఆపుకోలేకపోయారు. ఫొటోగ్రాఫర్ కూడా నవ్వాడు.

"ఇది మోసం! ఒకటి వేరని మీరే అన్నారు కదా!" అన్నాడు జూలియన్. మొహం కందగడ్డ అయింది.

"అన్నాను. మూడూ ఒకటేనని మీరు అనొచ్చుగా? నది ఏ గ్లాసులో పారుతోందో మీకే తెలుస్తుందనుకున్నా."

ఆయన మధ్యాహ్నం భోజనానికి కూడా ఆగలేదు. ఆహా, ఆ మఖమలు కోటు కారు తలుపులో ఇరుక్కుంటే లాక్కోవడం కిటికీలోంచి చూశాను. ముప్ఫయ్యొక్క ఏళ్ళలో అంత హాయిగా ఏ రోజూ లేదు.

ప్రతి శుక్రవారం సాయంత్రం ఊరి ఫైరింజన్లు నిలిపే హాల్లో చేపల వేపుడు విందు ఉంటుంది, ఊరంతా అక్కడే. కథ మూడుసార్లు చెప్పించుకున్నారు. "నది పాట" అనగానే అందరూ బల్లలు బాదారు. అందరికంటే ఎక్కువ నవ్వింది ఎమ్మెట్. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నా పళ్ళెంలో రెండు చేపముక్కలు ఎక్కువ వేయించాడు.

"నీ దెబ్బకి వాడు ఇంక నది పేరెత్తడే!" అన్నాడు.

సోమవారం ట్రెంట్ తన గదికి పిలిచాడు. బల్ల మీద ఎమ్మెట్ ఒప్పందం కాగితం ఉంది. సంతకం చోటు ఖాళీగానే ఉంది.

"శుక్రవారం మధ్యాహ్నం దీని మీద సంతకం పెడదామనుకున్నా, లోరెటా. తొంభై ఆరు అని సీసా మీద అచ్చు వేయిద్దామనుకున్నా. ఇప్పుడు ఆయన రాయనన్నాడు. ఇంక ఎమ్మెట్ గింజలు కొనను."

"అదేంటి? వాడికి ముక్కు లేకపోతే గింజలేం చేశాయి? నన్ను కూర్చోబెట్టండి. మీరే పోయండి గ్లాసులు, నేను బయట నిలబడతా."

కూర్చోబెట్టాడు. మూడుసార్లు మార్చి మార్చి పోశాడు. మూడుసార్లూ ఎమ్మెట్ గ్లాసు తీసి ఆయన ముందు పెట్టాను. మూడోసారి రుచి చూడాల్సిన పని కూడా పడలేదు, వాసనకే తెలిసిపోయింది.

"మీకు తెలుస్తుంది, ఒప్పుకున్నా. కానీ సీసాలు కొనేది మీరు కాదుగా? ఆయనలాంటి వాళ్ళు. అసలు లేని తేడాకే అంత మురిసిపోయేవాళ్ళకి చవక గింజలు చాలవా? ఆ సంగతి ఫొటోగ్రాఫర్ ముందు మీరే నిరూపించారు."

"వాడి ముందు నేను నిజం గ్లాసు పెట్టనే లేదు కదా!"

"అవును. ఎందుకు పెట్టలేదు?"

రుచి చూడకుండా దేనికీ విలువ కట్టకూడదని కొత్తవాళ్ళకు మొదటి రోజే నేర్పేది నేనే. నిజం గ్లాసు పెడితే వాడు పట్టుకునేవాడేమో. పట్టుకోలేడని నా నమ్మకం, అంతే.

"ఇంకో మాట," అన్నాడు ట్రెంట్, సొరుగులోంచి నా రుచి కాగితాలు తీసి. "నాలుగేళ్ళుగా వీటినే చూస్తున్నా. మామూలు పీపాలకి 'తుడిచిన గుడ్డ వాసన' అని రాశారు. 'పందులకి పోయండి' అని రాశారు. ఎమ్మెట్ పీపాలకి ప్రతిసారీ ఒకటే మాట, 'ఫరవాలేదు'. మిగతా వాటికంటే కాస్త నయం కాబోలనుకున్నా. కాస్త నయానికి రెండింతల ధర ఎలా పెట్టను? అందుకే కదా బయటినుంచి ఒక మనిషిని పిలిపించింది."

మా లోయలో ఫరవాలేదు అంటే దానిపైన ఇంక మాట లేదు. నా పెళ్ళినాడు ముసుగు వేసి అద్దం ముందు నిలబెట్టి మా అమ్మ "ఫరవాలేదే" అంది, ఆ సంతోషానికి నేను వెక్కివెక్కి ఏడ్చాను. వాళ్ళ కనెటికట్‌లో పొద్దున తిన్న గుడ్డు కూడా అద్భుతమే. ఆ సంగతి ఎరిగీ ఒక్క పూట ఈ పరుపులవాడి ఎదుట కూర్చుని మా మాటకు అర్థం చెప్పలేదు నేను. వీడికి చెప్పేదేంటి అనుకున్నాను.

"ఫరవాలేదు అంటే చాలా గొప్పదని, ట్రెంట్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఇవాళ చెబుతున్నారా?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. గింజల రైలు పెట్టెకు శనివారమే మాట ఇచ్చేశాడట.

అక్కణ్ణుంచి నేరుగా ఎమ్మెట్ పొలానికి వెళ్ళాను. కొట్టంలో విత్తనాలు జల్లెడ పడుతున్నాడు. జరిగిందంతా ఒక్కటి దాచకుండా చెప్పాను. జల్లెడ ఆపి, గింజల బస్తా మీద కూర్చున్నాడు.

"వాడికి నిజం గ్లాసు పెట్టలేదా నువ్వు?" అన్నాడు.

"లేదు. హాల్లో చెప్పాను కదా, నువ్వూ నవ్వావు."

"నవ్వాను. బుద్ధిలేక నవ్వాను. ఎలక మీద కోపానికి ఇల్లు తగలబెట్టావు కదే, అదీ నా ఇల్లు." లేచి జల్లెడ గోడకు తగిలించాడు. "ఏడు పొలాల వాళ్ళకీ కబురు చెప్పాలి, ఈ ఏడు మీకిష్టమైంది జల్లుకోండని."

"నన్ను తిట్టరా."

"తిడితే ఏమొస్తుంది? ఒక్క మాట చెప్పు. అసలెలా ఉంటుందే అది?"

ఎమ్మెట్ పుట్టి బుద్ధెరిగి ఒక్క చుక్క ముట్టినవాడు కాదు. వాళ్ళ చర్చిలో అది ఒప్పుకోరు. తను పండించిన గింజ పీపాలో ఏమవుతుందో వాడికి తెలియదు. నేను చెప్పాను. ముందు మిరియం ఘాటు తగులుతుందని, నాలుక వెనక్కి పోయేసరికి ఘాటు తగ్గి, పెనం మీద కాలుతున్న రొట్టె అంచులా కమ్మగా ఉంటుందని, మింగిన తర్వాత చాలాసేపటికి సోపు గింజ నమిలినట్టు చల్లగా పైకి వస్తుందని, ముప్ఫయ్యొక్క ఏళ్ళలో వేలకొద్దీ పీపాలు చూశానని, అలాంటిది ఇంకోటి చూడలేదని చెప్పాను. అంత పొగడ్త నా నోటినుంచి ఎవరూ విని ఉండరు.

వాడు తల వంచుకుని అంతా విన్నాడు.

"ఇంత బాగా చెప్తావా నువ్వు?" అన్నాడు. "మరి నాకెందుకే చెప్తున్నావు? నేను తాగేవాణ్ణీ కాను, కొనేవాణ్ణీ కాను."