జడ్డిగం వెనక దాచిన మూట

నేను ఒక జడ్డిగాన్ని. పేరు వినగానే ముఖం చిట్లించకండి. మీ తాతలు తిన్న ముద్దల్లో చాలావరకు నా కడుపులోంచి జారినవే. విత్తనం వేసే గొర్రుకు కట్టే చిన్న చెక్కగిన్నెను నేను. అడుగున మూడు రంధ్రాలు, వాటికి మూడు వెదురు గొట్టాలు. ఎడ్లు నడుస్తుంటే వెనక ఒక ఆడమనిషి గుప్పిట్లోంచి గింజలు వదులుతుంది, అవి నాలోంచి మూడు సాళ్లలో పడతాయి.

అనంతపురం వైపు ఒక పల్లెలో కాళాచారి అనే వడ్రంగి నన్ను తుమ్మచెక్కతో తొలిచాడు. ముప్పై ఏళ్లు మారెక్క చేతికింద పనిచేశాను. తర్వాత ట్రాక్టరు వచ్చింది, ఊరంతా వేరుశనగే వేసింది, నేను అటకెక్కాను. "బొక్కలుండాయి, గాలాడుతుంది" అంటూ కోడలు చౌడమ్మ నాలో వెల్లుల్లి పోసింది. విత్తనం మోసినదాన్ని, వెల్లుల్లి కంపు కొట్టాల్సి వచ్చింది. మనుషుల మర్యాదలు ఇలాగే ఉంటాయి.

వరసగా రెండేళ్లు వేరుశనగ ఎండిపోయింది. రేషన్ బియ్యం నెలాఖరుకు ముందే అయిపోయేవి. సాయంత్రం కాగానే మారెక్క కంచం పక్కకు జరిపేది.

"నాకి ఆకలి లేదు మే, పిల్లోల్లకి పెట్టు."

అది అబద్ధమని నాకు తెలుసు. తెలిసి మండిపోయేదాన్ని కూడా. ఎందుకంటే రెండు సేర్ల కొర్రల మూట ఒకటి, పురుగు పట్టకుండా బూడిద కలిపి, నా వెనకే దాచింది. వండుకుంటే ఆమెకు వారం గడిచేది. ఆమె అటకవైపు చూసి, నీళ్లు తాగి పడుకునేది.

మూడో ఏడు వాన శ్రావణంలో గాని పడలేదు. వేరుశనగకు అదను దాటిపోయింది. కొడుకు పెన్నోబులు మూడెకరాలకు కొర్రలు తెచ్చి, వేరుశనగ వేసే ట్రాక్టరు గొర్రులోనే పోయించాడు. ఆవగింజంత కొర్ర ఆ పెద్ద బొక్కల్లో ఆగుతుందా? అరెకరానికే విత్తనాల పెట్టె ఖాళీ. గట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. విత్తేందుకు నేలలో తడిపదును ఇంక రెండు రోజులే.

మారెక్క మూట దింపింది, నన్నూ దింపింది. కాని ముసలితనంతో ఆమె గుప్పిట ఇప్పుడు నిలకడగా గింజ వదల్లేదు. చౌడమ్మ ఎన్నడూ గింజ వదిలింది లేదు.

"ముందు ఉత్త ఇసకతో నేర్సుకో" అంది మారెక్క. వాకిట్లో ఆ పూటంతా ఇసక విత్తారు. గీత పలచబడితే ముసలామె చెరిపేసి మళ్లీ మొదలుపెట్టించేది. చౌడమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది, గుప్పిట మాత్రం వదల్లేదు. పొద్దుగూకేసరికి మూడు గీతలూ సమంగా పడ్డాయి.

తెల్లారి బాడుగ ఎడ్లు కట్టారు. గింజ పలచగా పడేందుకు ఒక వంతు కొర్రలకు మూడు వంతుల ఇసక కలిపారు. సగం చేనులో నా గొట్టం ఒకటి మట్టితో పూడుకుపోతే నా ప్రాణం పోయినట్టయింది. చౌడమ్మ గమనించి పుల్లతో పొడిచింది. ఎకరం పూర్తయ్యాక గుప్పెడు మిగిలింది.

కార్తీకంలో కోత. తొలి కొర్రన్నం వండినరోజు చౌడమ్మ అత్తకు ముందు పెట్టింది. నేను అటక మీద ఊపిరి బిగబట్టి చూస్తున్నాను, మళ్లీ కంచం జరుపుతుందేమోనని.

మారెక్క చివరి మెతుకుదాకా తిని, కంచం ముందుకు చాపింది.

"ఇంగొంచెం ఎయ్యి మే. ఆకలిగా ఉండాది."

నాలో మళ్లీ వెల్లుల్లే ఉంది. ఉండనీయండి. నా వెనక మూట మాత్రం ఈసారి ఆరు సేర్లు.