వెంకటరమణమ్మ పెళ్ళి ఫొటో

అమలాపురంలో కాలువ వంతెన దిగగానే కనిపించే మూడంతస్తుల పెద్ద లైబ్రరీలో ఏడాది పొడుగునా ఏదో ఒక సందడి ఉంటూనే ఉంటుంది. ఎండాకాలం పిల్లలకు కథల శిబిరం, వానాకాలం వరదల ఫొటోలు, నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలు, ఫిబ్రవరిలో పుస్తకాల అమ్మకం. ఎవరో దాతలు ట్రస్టు పెట్టి కట్టించిన లైబ్రరీ అది. సందడి తగ్గితే దాతలు మరిచిపోతారని లైబ్రేరియన్ మాణిక్యాలరావు గారి భయం. ఈ సందళ్ళన్నిటికీ మేకులు కొట్టించేదీ, అట్టల మీద పేర్లు రాసేదీ, చివర్న కుర్చీలు లెక్కచూసి పేర్పించేదీ సత్యదుర్గ. పదకొండేళ్ళుగా అక్కడ కాంట్రాక్టు ఉద్యోగం ఆమెది. ప్రతి మార్చిలోనూ మళ్ళీ సంతకం పెట్టాలి.

మొన్న నవంబరు వారోత్సవాలకు తీరం పల్లెల్లోని ఇళ్ళ నుంచి పాత ఫొటోలు తెచ్చి ప్రదర్శన పెడదామన్న ఆలోచన సత్యదుర్గదే. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా అదే ఆమెను ఎక్కువగా కాల్చింది. ఎవరూ చెప్పలేదు. తనకే తట్టింది.

సఖినేటిపల్లి అవతల సముద్రపు ఒడ్డున ఉన్న పల్లెపాలెంలో ఆమె మేనత్త ఉంటుంది. ఆ చనువుతో దసరా వెళ్ళిన దగ్గర్నుంచి ఆదివారాలు ఆ ఊళ్ళోనే తిరిగింది. "మన దుర్గేగా" అని తలుపులు తీశారు. పడవల ముందు నిలబడ్డ మగాళ్ళవి, చంకన బిడ్డలతో ఉన్న ఆడవాళ్ళవి, ముప్పై మూడు ఫొటోలు పోగయ్యాయి. ముప్పై నాలుగోది వెంకటరమణమ్మది.

వెంకటరమణమ్మకు యాభై ఏళ్ళు. సత్యదుర్గ ఆమెను కూడా వరసకు అత్తా అనే పిలుస్తుంది. ఎండుచేపల గంప ఎత్తుకుని ఊళ్ళమ్మట అమ్ముతుంది. పెళ్ళయిన పదహారో నెలలో, తొంభై ఆరు నవంబరు తుపానులో, మొగుడు ఏడుకొండలు ఎక్కిన బోటు తిరిగి రాలేదు. శవం దొరకలేదు. పిల్లలు లేరు. మళ్ళీ పెళ్ళి చేస్తామని అన్నదమ్ములు అడిగితే, "ఆయన రాలేదన్నారు గానీ పోవడం ఎవరూ చూళ్ళేదుగా" అని ఊరుకుందట. రాజోలు స్టూడియోలో తీయించుకున్న పెళ్ళి ఫొటో ఒక్కటే ఆమె ఇంట్లో ఉన్న ఏడుకొండలు. ఆమె కుర్చీలో కూర్చుని ఉంటుంది. అతను పక్కన నిలబడి, ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్న వాచీ కనపడేలా కుర్చీ వీపు మీద చెయ్యి వేసి ఉంటాడు. ఉప్పు గాలికి ఫొటో అద్దానికి అతుక్కుపోయింది.

"వారం రోజులే అత్తా. నేనే పట్టికెళ్తాను, నేనే తెచ్చి గోడకి తగిలిస్తాను" అంది సత్యదుర్గ.

"ఏమోనమ్మా. ఆయన్ని దింపితే ఇల్లు బోసిపోద్ది."

"జనం వచ్చి చూస్తారు అత్తా. కింద మావయ్య పేరు రాసి పెడతాం. ఆ తుపానులో పోయినోళ్ళకి మన ఊళ్ళో ఒక్క రాయి లేదు, బోర్డు లేదు. అక్కడ పేరుంటుంది."

వెంకటరమణమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది.

"పేరు పెద్దక్షరాల్తో రాస్తారా?"

"ఆయ్. నా చేత్తో రాస్తాను."

అప్పుడు స్టూలెక్కి తనే దింపింది. పాత చీర చింపి రెండు చుట్లు చుట్టి, పసిపిల్లను అందించినట్టు అందించింది.

లైబ్రరీలో స్కానరు పాడయి ఉంది. బాగుచేయించాక అన్నిటికీ నకళ్ళు తీద్దాం అన్నారు మాణిక్యాలరావు గారు. అద్దం నుంచి ఫొటో ఊడదీస్తే ముఖాలు అద్దంతో వచ్చేస్తాయని సత్యదుర్గకు తెలుసు. అందుకే అది ఉన్న ఫ్రేములోనే ఉంచి, నంబరు గుర్తుకోసం ఫోనుతో ఒక్క ఫొటో తీసుకుంది.

వారోత్సవాలు బాగా జరిగాయి. రెండో రోజు వెంకటరమణమ్మ చిలకపచ్చ చీర కట్టుకుని రెండు బస్సులు మారి వచ్చింది. స్కూలు పిల్లలు వరసలో నడుస్తూ అట్ట మీది పేరు పైకి చదువుతున్నారు. "ఓలేటి ఏడుకొండలు. సముద్రంలో వేటకు వెళ్ళి తిరిగి రాలేదు." ప్రతి పిల్లా చదివినప్పుడల్లా ఆమె తల ఊపింది. గోడ పక్కన మధ్యాహ్నం దాకా అలా నిల్చునే ఉంది. సత్యదుర్గ కుర్చీ వేస్తే కూర్చోలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం, "మంచి పని చేసేవమ్మా" అని ఆమె బుగ్గలు నిమిరింది.

ఇరవయ్యో తేదీన ముగింపు సభ అయింది. ఆ రోజు పొద్దుటి నుంచీ ముసురు. సభకు రాలేకపోయిన కొత్తపేట పిల్లలకు బహుమతి పుస్తకాలు ఆ సాయంత్రమే అందాలని ట్రస్టు వాళ్ళు ఫోను చేశారు.

"ఫొటోలు దింపి బీరువాలో పెట్టేసి వెళ్తానండీ. అరగంట పని" అంది సత్యదుర్గ.

"రేపు దింపుకుందురు గానండీ. ఆటో వచ్చేసింది" అన్నారు మాణిక్యాలరావు గారు.

ఆమె వెళ్ళింది. కావాలంటే కాదనగలిగేది. అరగంట ఆగితే ఆటోవాడు నాలుగు మాటలు అనేవాడు, మాణిక్యాలరావు గారు ముఖం ముడుచుకునేవారు. అంతకన్నా ఏమీ అయ్యేది కాదు. అయినా వెళ్ళింది.

మర్నాడు పొద్దున వచ్చేసరికి హాలు నిండా బల్లలు. ఏదో కోచింగు సెంటరు పరీక్షకు హాలు అద్దెకిచ్చారు. గోడలు ఖాళీగా ఉన్నాయి. డెకరేషను కుర్రాళ్ళు రాత్రే వచ్చి, తెరలతో పాటు ఫ్రేములన్నీ తీసి పెరట్లో జనరేటరు షెడ్డు చూరు కింద పేర్చిపోయారు. రాత్రంతా కురిసింది. సత్యదుర్గ చెప్పులు విడిచి ఆ బురదలో మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటే బయటికి తీసింది. ఇరవై తొమ్మిదింటికి ఏమీ కాలేదు. నాలుగింటికి అంచులు తడిశాయి, ఆరబెడితే నిలుస్తాయి. అన్నిటికన్నా ఇవతల, చూరు నీళ్ళ ధార సరిగ్గా పడే చోట, వెంకటరమణమ్మ ఫ్రేము ఉంది. అద్దం నిలువునా పగిలింది. ఆమె కూర్చున్న వైపు రంగు మాత్రమే వెలిసింది. పక్కన నిలబడ్డ మనిషి ఉన్న చోట కాగితం గుజ్జుగుజ్జయి, పాలపొడి కలిపినట్టు తెల్లగా ఉంది. వేలు తగిలితే ఆ గుజ్జు కూడా వేలికి వచ్చేసింది.

ఫోను తీసి చూసుకుంది. తను తీసిన ఫొటోలో ట్యూబులైటు వెలుగు అద్దం మీద పడి, సరిగ్గా అతని ముఖం చోట తెల్లటి మరక. ఆ గోడను ఇంకెవరైనా ఫొటో తీశారేమోనని రెండు రోజుల పాటు అందర్నీ అడిగింది. పేపర్లో వచ్చిన ఫొటో చూస్తే, ముఖ్య అతిథి భుజం దానికి అడ్డంగా ఉంది. స్కూలు మేస్టర్లు తీసినవాటిల్లో పిల్లలే ఉన్నారు. రాజోలు స్టూడియో మూసేసి చాలా ఏళ్ళయింది, అక్కడిప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు ఉంది.

"అయ్యయ్యో" అన్నారు మాణిక్యాలరావు గారు. నిజంగానే బాధపడ్డారు. "ట్రస్టు తరఫున మంచి టేకు ఫ్రేము చేయించి ఇద్దామండీ."

"ఫ్రేములో ఏం పెడదామండీ?" అంది సత్యదుర్గ.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

ముందు మిగతా ఇళ్ళ ఫొటోలు ఇచ్చేసి, చీకటి పడకముందే ఆఖరున వెంకటరమణమ్మ ఇంటికి వెళ్ళింది. ఆమె వాకిట్లో చాప పరుచుకుని ఎండుచేపలు ఏరుతోంది. సత్యదుర్గ చేతిలోని మూట చూసి ముఖం వెలిగింది. ఆ వెలుగు చూశాక సత్యదుర్గ మూట విప్పి ముందు పెట్టింది.

వెంకటరమణమ్మ వంగి చూసింది. గాజుపెంకు తగులుతుందన్న జాగ్రత్త కూడా లేకుండా అరచేత్తో ఆ తెల్లటి చోటు తడిమింది.

"తప్పు నాదే అత్తా. దింపకుండా వెళ్ళిపోయేను" అని సత్యదుర్గ ఏడ్చేసింది.

ఆమె తిడుతుందనుకుంది, గుండెలు బాదుకుంటుందనుకుంది. అదేమీ లేదు.

"నేనున్నాగా ఇందులో" అంది వెంకటరమణమ్మ మెల్లిగా. "నేనుండి ఏం చేసుకోనమ్మా?"

లేచి లోపలికి వెళ్ళి టీ పెట్టి తెచ్చింది. సత్యదుర్గ ఆ టీ తాగింది. 

ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళకుండా ఉండలేకపోయింది. డిసెంబరులో ఒక ఆదివారం బతిమాలి వెంకటరమణమ్మను పలివెల తీసుకెళ్ళింది. అక్కడ ముత్యాలరాజు గారని రిటైరైన డ్రాయింగు మేస్టారున్నారు. చెప్పింది విని మనిషి ముఖం గీయగలరని పేరు. ఆయన పెన్సిలు చెక్కుకుని ఓపిగ్గా అడిగారు.

"ముక్కు ఎలా ఉండేదమ్మా? కోటేరు ముక్కా, చప్పిడి ముక్కా?"

"బానే ఉండేదండి."

"కళ్ళు?"

ఆమె కళ్ళు మూసుకుంది.  ఆయన ఒకటి గీశారు. కాదంది. రెండోది గీశారు. నుదురు ఇంకొంచెం చిన్నదేమో అంది, మళ్ళీ కాదేమో అంది. మూడోది పూర్తయ్యేసరికి మేస్టారు చెయ్యి విదిలించుకుంటున్నారు. ఆమె దాన్ని దగ్గరగా పెట్టుకుని చూసి, "ఆయ్, ఇలాగే ఉండేవోరండి" అంది. ఆయన ముఖం విప్పారింది. చక్కగా చుట్టి దారం కట్టి ఇచ్చారు.

కొత్తపేట బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఊరు దాటాక చెప్పింది.

"ఆయన కాదమ్మా అది. పాపం పెద్దాయన, ఎంతసేపని గీస్తారు."

"ఇంకొకళ్ళని చూద్దాం అత్తా. రాజమండ్రిలో..."

"వొద్దు. ఆయన తప్పేం లేదు. నాకే రావట్లేదు. ఆయనతో ఉన్నది ఏడాదిన్నర లేదు. తర్వాత ఇన్నేళ్ళూ నేను చూసింది ఫొటోనే. కళ్ళు మూసుకుంటే ఫొటోనే వచ్చేది, అదే ఆయననుకున్నాను. నెల్రోజుల్నించి అదీ రావట్లేదు. ముఖం కాడికొచ్చేసరికి తెల్లగా అయిపోతంది. నువ్వు తెచ్చి చూపించేవు చూడు, అలా."

సత్యదుర్గ ఆమె చెయ్యి పట్టుకోబోయింది. ఆమె విడిపించుకోలేదు గానీ పట్టుకోనూ లేదు. అమలాపురంలో రాజోలు బస్సు ఎక్కిస్తూ సత్యదుర్గ బొమ్మ తీసుకోమని ఇవ్వబోయింది. "పరాయి మగాడి బొమ్మ ఇంట్లో ఎందుకమ్మా" అని, వెంకటరమణమ్మ గంప తలకెత్తుకునేటప్పటిలా కొంగు సర్దుకుని బస్సెక్కింది. తర్వాత ఆమె ఊళ్ళమ్మట చేపలు అమ్మడం మానేసిందని, వాకిట్లోకి కూడా సరిగా రావట్లేదని మేనత్త ఫోనులో చెప్పింది. "నిన్నేమీ అనట్లేదే" అని కూడా చెప్పింది. అది ఓదార్పు అనుకుంది కాబోలు.

మార్చిలో కాంట్రాక్టు సంతకాలయ్యాయి. సత్యదుర్గ ఆ రోజు ఉద్యోగం మానేస్తానని కాగితం రాసుకుని బ్యాగులో పెట్టుకెళ్ళింది. కూతురు కాలేజీ మొదటి సంవత్సరంలో ఉంది, ఇంకా ఫీజులు కట్టాలి. కాగితం బ్యాగులోనే ఉండిపోయింది.

సంతకమయ్యాక మాణిక్యాలరావు గారు ఎదురుగా కూర్చోబెట్టారు.

"వారోత్సవాల ఫొటోలు ట్రస్టు వాళ్ళకి బాగా నచ్చేయండీ. వేసవికి పాత వస్తువుల ప్రదర్శన పెట్టమంటున్నారు. తాతలు తాటాకుల మీద రాసిన గంటాలు, కంచు గిన్నెలు, ఉత్తరాలు. మామిడికుదురు వైపు ఊళ్ళన్నీ ఒకసారి తిరిగి రావాలి."

"నేను వెళ్ళలేనండీ. ఇంకెవరినైనా పంపండి."

"ఎవరిని పంపినా గుమ్మంలోంచే పంపించేస్తారండీ." ఆయన నిజాయితీగానే, మెచ్చుకోలుగానే అన్నారు. "మీరు అడిగితేనే ఇస్తారు. మిమ్మల్ని నమ్ముతారు."

ఊళ్ళ పేర్లు టైపు చేసిన కాగితం బల్ల మీదుగా ఆమె వైపు జరిపారు. సత్యదుర్గ దాన్ని మడిచి బ్యాగులో పెట్టుకుంది. వచ్చే ఆదివారం నుంచి మొదలుపెట్టమన్నారు.