నడిమి ముక్క

మా వదిన, అంటే మా ఆయన అక్క, ఒకసారి నా కంచంలోంచి చేప ముక్క తీసేసింది. ఇరవై ఆరేళ్లయింది. ఆవిడ చేసినవాటిలో ఇంతకన్నా పెద్దవి ఉన్నాయి, అవన్నీ మర్చిపోయాను. ఆ ముక్క మాత్రం మర్చిపోలేదు. అప్పుడు నాకు ఏడో నెల. పొద్దుటి నుంచీ కొట్టులో చేపలు కోసి, ఇంటికొచ్చి వండి, అందరూ తిని లేచాక గిన్నెలో మిగిలిన ఒక్క నడిమి ముక్క వేసుకుని కూర్చున్నాను. ఆవిడ వచ్చి రెండు వేళ్లతో దాన్ని తీసి తమ్ముడి కోసం మూతపెట్టింది. "కడుపుతో ఉన్నదానివి, పెద్ద చేప నీకు పడదమ్మా. వాడు రేపు పడవ మీదికి పోవాలి. అడుగున కూర ఉందిగా, కలుపుకో" అంది. కలుపుకున్నాను. ఏడుపు రాలేదు. సిగ్గేసింది. ముక్క కోసం ఏడిచిందని నలుగురికీ తెలిస్తే ఎంత చవకైపోతానో అని.

మాది జలాశయం గట్టు మీద చేపల కొట్టు. బోర్డు మీద పేరు ఆయనది, తక్కెడ ఆయనది, గల్లాపెట్టె తాళం ఆయన జేబులో. కత్తి మాత్రం నాది. "మా ఆవిడ ఇంట్లో ఖాళీయేగా, కొట్టులో కాస్త సాయం చేస్తుంటుంది" అని వచ్చినవాళ్లకి చెబుతాడు. పొద్దున ఆరింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా నిలబడి పొలుసు గీకడం, పొట్ట చీల్చడం, ముక్కలు కొట్టడం. అదీ కాస్త సాయం. ఇంటికెళ్లి మూడుసార్లు సబ్బు రాసినా వేళ్ల సందుల్లో ఆ వాసన పోదు. ఆయన మొహం పక్కకి తిప్పుకుంటాడు, ఆ వాసన ఎవరి కొట్టులోదో తెలియనట్టు.

పెద్ద చేప పడిన రోజు మంచి ముక్కలు మగవాళ్లకి. తోకా, చిన్న చేపలూ, అడుగునున్న కూరా మాకు. ఎవరూ రాసిపెట్టలేదు. గరిటె నా చేతిలోనే ఉన్నా అది అలాగే తిరిగేది.

కోడలు నెల తప్పిందని తెలిసిన రోజు నాలో నేను ఒట్టు పెట్టుకున్నాను, నాకు జరిగింది దీనికి జరగనివ్వనని. ఆ పిల్ల బట్టల దుకాణంలో బిల్లులు రాస్తుంది, నెమ్మదస్తురాలు, అడిగితేగానీ నోరు విప్పదు. నడిమి ముక్క దాని కంచంలో పెట్టి, పైన అన్నం కప్పి, దాని మీద కూర పోసి ఇచ్చేదాన్ని. చూపుతోనే "తిను" అనేదాన్ని. మావగారికీ మొగుడికీ కనబడకుండా అది తలొంచుకుని తినేది. నేను పక్కనే కూర్చుని చూసేదాన్ని. ఇరవై ఆరేళ్ల కిందటి ఆకలి అప్పుడు కాస్త తీరేది.

దానికి మూడో నెలలో ఆరోగ్య కేంద్రం వాళ్లు గట్టు మీద ఒక బోర్డు పాతారు. నేను అయిదో తరగతితో ఆపేసినదాన్నే, కూడబలుక్కుని చదువుకున్నాను. గర్భిణులు, చిన్నపిల్లలు ఈ నీటిలోని పెద్ద చేపలు తినరాదు. చదివి నవ్వాను. మా వదిన బోర్డెక్కిందే అనుకున్నాను. మిగతా అందరూ తినొచ్చట, కడుపుతో ఉన్నది తినకూడదట! ఈ మాట నేను వినలేదా? దాని వెనక నా కంచంలోంచి ముక్క పోవడం చూడలేదా? మా ఆయనకి వేరే కారణం దొరికింది. "మన నోట మన్ను కొట్టడానికి పెట్టారు" అని బోర్డు మీద వల ఆరేశాడు. జీవితంలో ఒక్క విషయంలో మా ఇద్దరికీ మాట కలిసింది. ఆ వారం నుంచి నేను కోడలికి వారానికి రెండు ముక్కలు కాస్తా మూడు చేశాను.

ఏడో నెలలో నర్సు ఇంటింటికీ వచ్చి మెడ వెనక నుంచి కాసిని వెంట్రుకలు కత్తిరించి కవర్లలో పెట్టుకుంది. "నాకున్నవే నాలుగు, అవీ పట్టుకుపోతే ఎలాగమ్మా" అని మా ఆయన నవ్వించాడు. రెండు వారాలకి ఆమే కాగితం పట్టుకొచ్చి వంటింటి గుమ్మంలో కూర్చుంది. పైనున్న పాత గనిలో వాడిన పాదరసం నీళ్లలోకి దిగిందట. బురదలోంచి పురుగులకి, పురుగుల్లోంచి చిన్న చేపలకి, వాటిని మింగి మింగి పెద్ద చేపలకి. కడిగినా పోదట, ఉడికించినా పోదట. చిన్న చేపల్లో తక్కువే, వాటికి భయం లేదంది.

"వెంట్రుకల్లో ఆ పాదరసం లెక్క ఒకటి దాటితే జాగ్రత్తపడాలి. మీకు పదకొండు, పెద్దాయనా. అబ్బాయికి ఎనిమిది. అమ్మాయికి ఏడు." ఆగి నా వైపు చూసింది. "మీకు ఒకటి కూడా లేదు. మీరు చేపలు తినరా?"

చేపల కొట్టులో సగం జన్మ గడిపినదాన్ని అడిగింది. "నాకు పెద్ద ఇష్టం ఉండదు" అన్నాను. ఆమె కాగితం వంకా నా వంకా మళ్లీ చూసింది. ఎవరు ఏ ముక్క తిన్నారో ఆ కాగితం మీద వరసగా ఉంది.

మా ఆయనా చూశాడు. "ఇద్దరాడాళ్లూ ఒకే గిన్నెలో తిన్నారు, కోడలికి ఏడేమిటి? ఏమ్మా, మేం లేచాక గిన్నె మీద పడేదానివా?"

కోడలు కొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూసింది. నా పేరు చెప్పలేదు.

"నేను పెట్టాను" అన్నాను. "అన్నం కింద దాచి పెట్టాను. అది అడగలేదు."

"చూశావా నీ తెలివి!" అన్నాడు. "మా అక్క ఉండుంటే ఇలా జరగనిచ్చేదా?"

నిజమే. ఆవిడ ఎందుకు లాక్కుందో నాకు తెలుసు, ప్రేమతో కాదు. అయినా నా కొడుకు కడుపులో ఉన్నప్పుడు ఆ చేప నాలోకి పోలేదు. దీని కడుపులోకి నా ప్రేమే పోనిచ్చింది.

నర్సు అంది, "ఇప్పుడు మానేస్తే నెలనెలా తగ్గుతుంది. బిడ్డ సంగతి పుట్టాక డాక్టర్లు చూస్తూ ఉండాలి. ఇప్పుడే ఏమీ చెప్పలేం."

ఆమె వెళ్లాక మా ఆయనతో అన్నాను, "రేపటి నుంచి పెద్ద చేప నేను కొయ్యను. ఆ బోర్డు మీద వల తీసెయ్యి."

"నువ్వు కొయ్యకపోతే ఎవరు కోస్తారే?"

"కత్తి అక్కడే ఉంటుంది."

నాకు లోపల కాస్త గర్వంగానే అనిపించింది, దాచడమెందుకు. తప్పు ఒప్పుకున్నాను, ఎదురు తిరిగాను, ఇంకేం కావాలి?

పెరట్లో గిన్నెలు తోముతుంటే కోడలు వచ్చి పక్కన కూర్చుంది. "ఆ బోర్డు నేను ముందే చదివానే, నీకు చెప్పలేదు. తప్పు నాది" అన్నాను.

"నేనూ చదివానత్తయ్యా" అంది. "మావయ్య వల ఆరెయ్యకముందే. బస్సు దిగేది దాని ఎదురుగానేగా."

నా చేతిలో పీచు ఆగిపోయింది. "మరెందుకు తిన్నావే?"

"రెండుసార్లు కడుపు నిండిందన్నాను. మీరు పక్కనే కూర్చుని చూస్తున్నారు. వద్దంటే ఏమనుకుంటారో అని..." అని, నా చేతిలోంచి గిన్నె తీసుకుని కడగడం మొదలుపెట్టింది.

నేను లెక్కపెట్టాను. బోర్డు చదివాక పద్దెనిమిది వారాలు, వారానికి మూడు. యాభై నాలుగు ముక్కలు. ఒక్కసారీ 'తింటావా' అని అడగలేదు.